నల్లకుంట ఇంట్లో న్యూస్ సర్వర్: పెట్టడం, నడపడం

2024 ఫిబ్రవరి 22న గూగుల్ గ్రూప్స్ యూజ్‌నెట్‌తో, అంటే విషయానికొక గుంపు చొప్పున జనం టపాలు రాసుకునే పాత చర్చావేదికతో, సంబంధం తెంచుకుంది. అంతకు ముందు వచ్చిన టపాలను అక్కడ ఇప్పటికీ చదువుకోవచ్చు గాని, ఆ తరవాత రాసినవి కనిపించవు, అక్కడి నుంచి కొత్తగా రాయడానికీ వీలు లేదు. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గుంపు పేరు తెలిసిన నా మిత్రుల్లో చాలామంది ఆ గుంపును గూగుల్ పేజీల్లోనే చూశారు కనుక, యూజ్‌నెట్ అంతటితో మూతపడిందని అనుకున్నారు. యూజ్‌నెట్‌ను ఎవరూ మూయలేరు, ఎందుకంటే దానికి కేంద్రమంటూ లేదు. డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో తలపెట్టి 1980లో నడక నేర్పిన నాటి నుంచి ఈనాటి వరకు అది ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకున్న సర్వర్ల సమూహమే. వీటినే న్యూస్ సర్వర్లంటారు. ఆ సమూహంలో హైదరాబాదు నుంచి ఒక సర్వర్ ఉండాలని, అందులో తెలుగు గుంపును, సంగీతం గుంపులను మా చేతుల మీదుగా నిలుపుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. లినక్స్ యంత్రాలను చూసుకోవడం నా వృత్తే అయినా, న్యూస్ సర్వర్‌కు దానిదైన పద్ధతి, మర్యాద ఉన్నాయి. వాటిని నేర్చుకుంటూ నల్లకుంటలోని మా ఇంట్లో సర్వర్ పెట్టి, నడుపుతూ వస్తున్న అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను.

అది పనిచేసే తీరు ముందుగా చెబితే నేను తీసుకున్న నిర్ణయాలకు కారణాలు తెలుస్తాయి. ఒకరు తమ సర్వర్‌లో టపా రాయగానే దానికి ప్రపంచంలో మరే టపాకూ ఉండని మెసేజ్ ఐడీ ఒకటి వస్తుంది. ఆ సర్వర్ తనతో ఒప్పందం ఉన్న ఇతర సర్వర్లను, అంటే పీర్లను, ఈ ఐడీ గల టపా మీ దగ్గర ఉందా అని అడుగుతుంది. లేదంటే పంపుతుంది, ఉందంటే ఊరుకుంటుంది. అందుకున్న సర్వర్ పాత్ అనే శీర్షికలో తన పేరు ముందుకు చేర్చి, తన పీర్లను మళ్ళీ అదే ప్రశ్న అడుగుతుంది. పాతకాలపు కార్డు మీద అది దాటివచ్చిన పోస్టాఫీసుల ముద్రలన్నీ ఉన్నట్టు, ఆ టపా ఏ ఏ సర్వర్ల మీదుగా వచ్చిందో పాత్ చూస్తే తెలుస్తుంది. అందులో ఇప్పటికే పేరున్న పీరుకు దాన్ని తిరిగి పంపరు. ఇక తన దగ్గరికి వచ్చిన ప్రతి ఐడీని సర్వర్ హిస్టరీ అనే ఫైల్లో రాసుకుంటుంది. ఎవరి పెత్తనమూ లేకుండా ఒక టపా ఖండాలు దాటి, ఏ సర్వర్‌లోనూ రెండుసార్లు నమోదు కాకుండా వ్యాపించడానికి ఈ మూడే ఆధారం: ఐడీ, పాత్, హిస్టరీ. ఈ సంభాషణ జరిగే భాష ఎన్ఎన్‌టీపీ. 1986 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 977గా వచ్చిన ఆ ప్రమాణం స్థానంలో 2006 అక్టోబరులో ఆర్ఎఫ్‌సీ 3977 వచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఎంపికకు ఎక్కువ ఆలోచన అవసరం రాలేదు. రిచ్ సాల్జ్ 1992లో విడుదల చేసిన ఐఎన్ఎన్ అనే న్యూస్ సర్వర్ ప్రోగ్రాంను ఆ తరవాత రస్ ఆల్‌బెరీ, జూలియన్ ఎలీ వంటివారు ఓపికగా కాపాడుకుంటూ వచ్చారు, 2022లో 2.7 శ్రేణి విడుదలైంది. డెబియన్ లినక్స్‌లో అది ఇన్2 అనే ప్యాకేజీగా సిద్ధంగా దొరుకుతుంది. దానితో వచ్చే మాన్యువల్ పేజీలంత శ్రద్ధగా రాసిన సాంకేతిక వివరణను నేను అరుదుగా చూశాను. కొత్తవారు ఇతరుల సలహాల కన్నా ముందు వాటిని చదవాలని నా అభిప్రాయం.

యంత్రం సంగతికి వస్తే, బైనరీ గుంపులను, అంటే బొమ్మలు, వీడియోల వంటి ఫైళ్ళు పంచుకునేవాటిని, మోసే పెద్ద వాణిజ్య సర్వర్లకు ఇప్పుడు రోజుకు వందల టెరాబైట్లు వస్తాయి. ఆ దారి ఇంటివాళ్ళది కాదు. అక్షరాల టపాలు మాత్రమే తీసుకునే సర్వర్‌కు రోజుకు కొన్ని పదుల మెగాబైట్లు దాటవు. అందువల్ల ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌కే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో కొన్న కొత్త ఎస్ఎస్‌డీని, టపాల కోసం ఒక హార్డ్ డిస్కును అమర్చాను. ఖర్చులో జాగ్రత్త పడదలచినవారు డిస్కు మీదా యూపీఎస్ మీదా మాత్రం పొదుపు చేయకూడదు.

ఇంటి నెట్ కనెక్షన్ అంత తేలికగా కుదరలేదు. మా వీధికి కనెక్షన్ ఇచ్చే స్థానిక సంస్థ వినియోగదారులందరినీ ఒకే బయటి చిరునామా వెనుక పెట్టింది. రౌటర్‌కు వచ్చిన చిరునామా 100.64తో మొదలైంది, అంటే బయటివాళ్ళు మన యంత్రం దాకా రాలేని ఉమ్మడి శ్రేణి అది. న్యూస్ సర్వర్‌కు పీర్లు తామే వచ్చి తలుపు తడతారు కనుక స్థిరమైన ఐపీ చిరునామా తప్పనిసరి. ఏడాదికి విడిగా రుసుము కట్టి దాన్ని తీసుకున్నాను. అది ఎందుకని అడిగిన ఆ సంస్థ కుర్రాడికి సీసీ కెమెరాల కోసం కాదని, న్యూస్ సర్వర్ కోసమని చెబితే, "టీవీ ఛానలా సార్?" అని ఎంతో ఆసక్తిగా అడిగాడు. కూర్చోబెట్టి పాత్ శీర్షిక చూపించాను. స్థిర ఐపీ దొరకని చోట ఉండేవారు అద్దె వర్చువల్ సర్వర్ తీసుకోవడం మంచిది. ఐపీవీ6 ఉన్న పీర్లతో దాని మీదుగానూ నడపవచ్చు.

టపాలను డిస్కులో ఎలా దాచాలన్నది తొలి పెద్ద నిర్ణయం. ఐఎన్ఎన్‌లో ఇందుకు కొన్ని పద్ధతులున్నాయి. సీఎన్ఎఫ్ఎస్ అనే పద్ధతిలో ముందే ఒక పెద్ద ఫైలు కేటాయిస్తే, అది నిండిన తరవాత మళ్ళీ మొదటి నుంచి రాస్తూ పాతవాటిని చెరిపేస్తుంది. డిస్కు ఎప్పటికీ నిండిపోదు, నిర్వహణ తేలిక. ట్రాడ్‌స్పూల్ అనే పాత పద్ధతిలో ఒక్కో గుంపుకు ఒక్కో డైరెక్టరీ, ఒక్కో టపాకు ఒక్కో ఫైలు. నాకు ముఖ్యం తెలుగు టపాలు ఎన్నటికీ చెరగకుండా ఉండడం కనుక, వాటికీ, సంగీతం గుంపులకూ, గడువును నేనే నిర్ణయించే మరికొన్నిటికీ ట్రాడ్‌స్పూల్‌ను, వచ్చిపోయే మిగతా గుంపులకు సీఎన్ఎఫ్ఎస్‌ను ఎంచుకున్నాను. స్టోరేజ్ కాన్ఫ్ ఫైల్లో గుంపు పేర్ల నమూనాలను బట్టి ఈ విభజన చేయవచ్చు. ట్రాడ్‌స్పూల్‌కు ఇంకో గుణం ఉంది: టపా ఉన్నదున్నట్టు మామూలు ఫైలుగా ఉంటుంది కాబట్టి హిస్టరీ, ఓవర్‌వ్యూ (టపాల శీర్షికల పట్టిక) పాడైనా టపాల నుంచి వాటిని తిరిగి కట్టుకోవచ్చు. అయితే ఫైల్‌సిస్టమ్ తయారుచేసేటప్పుడే ఒక విషయం చూసుకోవాలి. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ మామూలుగా ప్రతి 16,384 బైట్లకు ఒక ఐనోడ్, అంటే ఒక ఫైలు వివరాలు రాసుకునే చోటు, కేటాయిస్తుంది. టపా సగటున రెండు మూడు కిలోబైట్లే ఉంటుంది గనుక స్థలం మిగిలి ఉండగానే ఐనోడ్‌లు అయిపోతాయి. ఫైల్‌సిస్టమ్ తయారుచేసే ఎంకేఈ2ఎఫ్ఎస్ ఆదేశానికి న్యూస్ అనే వాడుక రకం చెబితే 4,096 బైట్లకు ఒకటి చొప్పున కేటాయిస్తుంది. న్యూస్ స్పూళ్ళ, అంటే టపాల నిల్వల, కోసమే పెట్టిన ఆ ఐచ్ఛికం ఇప్పటికీ అక్కడ ఉంది.

తరవాత యాక్టివ్ ఫైలు. మన సర్వర్‌లో ఏ గుంపులు ఉండాలో, ఒక్కో గుంపులో ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా టపాలున్నాయో, రాయడానికి ఎవరికైనా అనుమతి ఉందా లేక మోడరేటర్ పరిశీలన కావాలా అన్నది అందులో ఒక్కో వరసగా ఉంటుంది. ఐఎస్‌సీ అనే ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ సంస్థ అందించే జాబితా నుంచి పేర్లు తీసుకున్నాను. 1987 నాటి మహా నామకరణంలో, అంటే గుంపుల పేర్లను కొత్తగా అమర్చినప్పుడు, ఏర్పడిన కంప్, మిస్క్, న్యూస్, రెక్, సై, సాక్, టాక్ శాఖలు, వాటికి తరవాత చేరిన హ్యుమానిటీస్ శాఖ పూర్తిగా, ఆల్ట్ శాఖలో ఎంపిక చేసినవి కొన్ని. కొత్త గుంపు పుట్టించమనీ, ఉన్నదాన్ని తొలగించమనీ చెప్పే కంట్రోల్ సందేశాలను ఎవరైనా దొంగ పేరుతో రాయవచ్చు కనుక, సంతకం అసలుదో కాదో తేల్చే ఆ శాఖల నిర్వాహకుల పీజీపీ తాళంచెవులను తెచ్చిపెట్టి, సంతకం సరిపడిన వాటినే అమలుచేసేలా కంట్రోల్ ఫైలు దిద్దాను. మా మిత్రులకు మాత్రమే పరిమితమైన కొన్ని స్థానిక గుంపులు కూడా తెరిచాను: హైద్.తెలుగు.పద్యం, హైద్.తెలుగు.నుడి, హైద్.సాధారణం. ఇవి బయటి పీర్లకు పోకుండా, ఎవరికి ఏ గుంపులు పంపాలో చెప్పే న్యూస్‌ఫీడ్స్ ఫైల్లో ప్రతి పీరు నమూనాలోనూ ఆ శాఖను మినహాయించాలి.

పీర్లను సంపాదించడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. న్యూస్.అడ్మిన్.పీరింగ్ అనే గుంపు ఉన్నదే ఇందుకు. అక్కడ రాయడానికి ముందుగా ఎవరిదో ఒకరి సర్వర్‌లో ఖాతా ఉండాలి కాబట్టి ఎటర్నల్ సెప్టెంబర్ అనే ఉచిత సర్వర్ నుంచి రాశాను. పాత్‌లో వాడే నా సర్వర్ పేరు, ఐపీ చిరునామా, ఏ శాఖలు కావాలి, ఎంత పెద్ద టపా వరకు తీసుకుంటాను, ఫిర్యాదులకు ఎవరిని సంప్రదించాలి అన్న వివరాలు ఇస్తే చాలు. జర్మనీ నుంచి, అమెరికా నుంచి నిర్వాహకులు స్పందించారు. వాళ్ళెవరూ నన్ను చూడలేదు, డబ్బు మాట రాలేదు, కాగితం మీద సంతకాలు లేవు. నేను వాళ్ళ వివరాలను, ఎవరి నుంచి టపాలు తీసుకోవాలో చెప్పే ఇన్‌కమింగ్ కాన్ఫ్‌లోనూ న్యూస్‌ఫీడ్స్‌లోనూ రాశాను, వాళ్ళూ అలాగే రాసుకున్నారు. నిమిషాల్లో టపాలు రావడం మొదలైంది. ఒక నిర్వాహకుడు నా మొదటి పరీక్ష టపా తనకు ఏ దారిన చేరిందో పాత్ వరసను తిరుగు ఉత్తరంలో అతికించి పంపాడు. నల్లకుంటలోని నా సర్వర్ పేరు ఆ వరసలో చూసినప్పుడు కలిగిన సంతోషాన్ని దాచుకోవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

ఒక్క పీరు ఉంటే సరిపోదని అందరూ చెబుతారు, అది నిజం. ఆ పీరు మరమ్మతులో ఉన్ననాడు మన టపాలు ఇల్లు దాటవు. ఇద్దరు ముగ్గురుంటే ఎవరు ముందు ఇస్తే వాళ్ళ దగ్గర తీసుకుని, తరవాత అడిగినవారికి ఇప్పటికే ఉందని సర్వర్ 438 అనే సంఖ్యతో జవాబు చెబుతుంది. దూరం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు నుంచి జర్మనీకి మాట వెళ్ళి తిరిగి రావడానికి నా కనెక్షన్‌లో 150 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఐహావ్ అనే పాత ఆదేశంతో అయితే అడగడానికి ఒక రాకపోక, పంపడానికి ఇంకొకటి. అంటే ఒక కనెక్షన్ మీద సెకనుకు మూడు టపాలు మించి సాగవు. చెక్, టేక్‌దిస్ ఆదేశాలతో నడిచే స్ట్రీమింగ్ పద్ధతిలో జవాబు కోసం ఆగకుండా వరసగా అడుగుతూ పోవచ్చు. అందుచేత మనలాగా దూరాన ఉన్నవారు పీరుతో మాట్లాడేటప్పుడే స్ట్రీమింగ్ ఉందా అని అడిగి, టపాలు పంపే ఇన్‌ఫీడ్ ప్రోగ్రాం అమరికలో దాన్ని నిర్ధారించుకోవాలి.

ఏది ఎన్నాళ్ళుంచాలన్నది ఎక్స్‌పైర్ కంట్రోల్ ఫైలు నిర్ణయిస్తుంది. దీని మీద నేను ఎక్కువసేపు ఆలోచించాను, ఎందుకంటే సర్వర్ నడిపేవాడి విచక్షణ అసలు తెలిసేది ఈ ఫైల్లోనే. తెలుగు గుంపు, రెక్.మ్యూజిక్.ఇండియన్.క్లాసికల్, మా స్థానిక గుంపులు: ఎన్నటికీ తొలగించవద్దు. కంప్ శాఖ: సంవత్సరం. పరీక్ష టపాల గుంపులు: కొద్ది రోజులు. సీఎన్ఎఫ్ఎస్‌లో ఉన్నవి ఎలాగూ వాటంతట అవి చెరిగిపోతాయి. అదే ఫైల్లో రిమెంబర్ అనే వరస ఉంటుంది, దాని అర్థం తెలుసుకోకుండా మార్చకూడదు. టపా తొలగిపోయిన తరవాత కూడా దాని ఐడీని హిస్టరీ ఎన్ని రోజులు గుర్తుంచుకోవాలో అది చెబుతుంది. ఐఎన్ఎన్ ప్రధాన అమరికలో ఆర్ట్‌కటాఫ్ 10 రోజులు, అంటే అంతకన్నా పాత తేదీ ఉన్న టపాను ఎవరిచ్చినా తీసుకోదు. రిమెంబర్ 11 రోజులు. రెండో సంఖ్య మొదటిదాని కన్నా తగ్గితే, సర్వర్ మరిచిపోయిన టపాను మరో పీరు తిరిగి ఇచ్చినప్పుడు కొత్తదనుకుని తీసుకుంటుంది. గడియారం సరిగా ఉండవలసిన అవసరం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇరవై నాలుగు గంటలకు మించి రాబోయే తేదీ వేసి ఉన్న టపాలను కూడా ఐఎన్ఎన్ తిరస్కరిస్తుంది. నా యంత్రం సమయాన్ని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్‌తో సరిచూసుకుంటుంది. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు గడియారం గురించీ, లాగ్‌లను 180 రోజులు ఉంచడం గురించీ చెబుతున్నాయి గనుక, చిన్న సర్వరే కదా అని ఉపేక్షించకుండా ఆ రెండూ పాటిస్తున్నాను.

చదువరులను అనుమతించే పని రీడర్స్ కాన్ఫ్ అనే ఫైలుది. 119వ పోర్టును పీర్లకు మాత్రమే తెరిచి, మిత్రులకు గుప్తీకరణ ఉన్న 563వ పోర్టు ఇచ్చాను. ఆ గుప్తీకరణకు కావలసిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ధ్రువపత్రం గడువు తక్కువ కనుక, కొత్తది వచ్చిన ప్రతిసారీ న్యూస్ అనే వాడుకరి చదవగలిగే చోటికి దాన్ని కాపీ చేసే చిన్న స్క్రిప్టు రాసుకోవాలి. ఖాతా లేనివారికి చదవడానికీ రాయడానికీ అనుమతి లేదు. ఎందుకంటే మన సర్వర్ నుంచి ఎవరైనా చెత్త రాస్తే ఫిర్యాదు మనకే వస్తుంది, పీర్లు మన ఫీడ్‌నే, అంటే టపాల ప్రవాహాన్నే, ఆపేస్తారు. అలాగని రాసేవారి ఇంటి ఐపీ చిరునామాను ప్రతి టపాలోనూ లోకానికి చాటడం నాకు నచ్చలేదు. ఇంజెక్షన్ ఇన్ఫో శీర్షికలో అది కనిపించకుండా చేసి, లాగ్‌లో మాత్రం ఉంచాను.

తెలుగులో రాయడం మొదలుపెట్టాక అసలైన చిక్కులు కనిపించాయి. విద్యానగర్‌లో ఉండే విశ్రాంత తెలుగు అధ్యాపకులు ఒకరు మా స్థానిక గుంపుల్లో మొదటి సభ్యులు. వారి కంప్యూటర్లో థండర్‌బర్డ్ అనే మెయిల్, న్యూస్ ప్రోగ్రాం పెట్టి న్యూస్‌గ్రూపు ఖాతా చేర్చి వచ్చిన మర్నాడు ఫోన్ చేశారు. "ఏమయ్యా, పద్యం వ్యాఖ్య అంతా ఒకే పేరాగా రాశాను. దాన్ని మీ సర్వరు తీసుకుంది గాని, మా అల్లుడు అమెరికాలో ఇంకో సాఫ్ట్‌వేర్‌లో చూస్తే మధ్యలో అక్షరాలు చెదిరిపోయాయట" అన్నారు. "మాస్టారూ, వరస మధ్యలో విరవకుండా పంపారేమో చూడండి" అన్నాను. నెట్‌న్యూస్ ప్రమాణంలో ఒక వరసకు పరిమితి 998 బైట్లు. ఇంగ్లీషులో అది తొమ్మిది వందల పైచిలుకు అక్షరాలు. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక మనకు 332 సంకేతాలే. అవి మనం లెక్కపెట్టే అక్షరాలు కూడా కావు: 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలోనే స, హల్లు గుర్తు, త, హల్లు గుర్తు, ర, ఈకారం కలిసి ఆరు సంకేతాలు, అంటే పద్దెనిమిది బైట్లు. ఒక మోస్తరు పేరా ఏ ఎంటరూ లేకుండా ఒకే వరసగా పోతే పరిమితి దాటేస్తుంది. దారిలో ఏ సాఫ్ట్‌వేరైనా దాన్ని బైట్ల లెక్కన కోస్తే అక్షరం నడుమన తెగుతుంది. మాస్టారి థండర్‌బర్డ్‌లో వరసలు దానంతట అది విరిచే అమరిక పెట్టాక సమస్య తీరింది. పద్యానికి ఎలాగూ పాదానికొక వరస ఉంటుంది, ఇబ్బంది వచనానిదే.

విషయ శీర్షికది మరో లెక్క. అక్కడ తెలుగు నేరుగా పోదు, మైమ్ అనే ఈమెయిల్ ప్రమాణం ప్రకారం సంకేతపదంగా మారి వెళ్తుంది. ఒక్కో సంకేతపదం 75 గుర్తులు మించకూడదు. ముందూ వెనుకా ఉండే ఆనవాళ్ళు తీసివేస్తే బేస్64కు (మూడేసి బైట్లను నాలుగేసి ఇంగ్లీషు గుర్తులుగా రాసే పద్ధతి) మిగిలేది అరవై, అంటే 45 బైట్లు, అంటే పదిహేను తెలుగు సంకేతాలు. పొడుగాటి శీర్షిక నాలుగైదు ముక్కలవుతుంది. మంచి క్లయింట్లు వాటిని అతికి చూపిస్తాయి. కొన్ని పాతవి మధ్యలో ఖాళీ వదులుతాయి, అప్పుడు వత్తు ఒకచోట, అక్షరం ఒకచోట పడుతుంది. అందుకని మా గుంపుల్లో శీర్షిక చిన్నదిగా రాయాలని నియమం పెట్టుకున్నాం. టపా శరీరాన్ని మాత్రం బేస్64గా కాక 8-బిట్‌గానే, అంటే బైట్లను ఉన్నవున్నట్టే, పంపమని అందరికీ చెబుతాను. అక్షరాల గుంపుల్లో బైనరీ ఫైళ్ళను అడ్డుకునే వడపోతలు బేస్64ను అనుమానించే అవకాశం ఉంది, పైగా బరువు మూడోవంతు పెరుగుతుంది.

వడపోత అంటే క్లీన్‌ఫీడ్. ఐఎన్ఎన్‌కు తగిలించే, పెర్ల్ భాషలో రాసిన ప్రోగ్రాం ఇది. ఒకే సరుకును అనేక గుంపుల్లో చల్లేవారిని పట్టుకుంటుంది. యూజ్‌నెట్‌లో స్పామ్‌కు లెక్క కట్టే ఒక కొలమానం ఎప్పటినుంచో ఉంది, దాని పేరు బ్రైడ్‌బార్ట్ సూచీ: ఒక్కో కాపీ ఎన్ని గుంపులకు వెళ్ళిందో ఆ సంఖ్యల వర్గమూలాలను కూడాలి, నలభై అయిదు రోజుల్లో మొత్తం ఇరవైకి చేరితే ఎవరైనా రద్దు చేయదగినదని ఆచారం. టపాలో ఏముందని చూడదు, ఎన్నిసార్లు చల్లారనే చూస్తుంది. అభిప్రాయం నచ్చక తొలగించడానికి ఇది సాధనం కాకూడదన్న పట్టుదల ఆ కొలతలోనే ఉంది. నేను కూడా క్లీన్‌ఫీడ్‌ను ఆ హద్దు దాటనివ్వలేదు. 2023 చివరి నెలల్లో గూగుల్ గ్రూప్స్ దారిన వరదలా వచ్చిన ప్రకటనలు 2024 ఫిబ్రవరితో ఆగిపోయాయి కనుక ఇప్పుడు వడపోతకు పని బాగా తగ్గింది. దొంగ రద్దు సందేశాల నుంచి రక్షణకు 2.7 శ్రేణిలో వచ్చిన క్యాన్సిల్-లాక్ సదుపాయం చేర్చాను. దానితో టపా రాసినవారు గాని, వారి నుంచి ఆ టపాను నేరుగా తీసుకున్న సర్వర్ గాని మాత్రమే దాన్ని రద్దు చేయగలరు.

రోజువారీ నిర్వహణ పెద్ద భారం కాదు. న్యూస్ డైలీ అనే కార్యక్రమం తెల్లవారుజామున గడువు తీరినవాటిని తొలగించి, లాగ్‌లను మడతపెట్టి, నివేదికను ఈమెయిల్‌గా పంపుతుంది. కాఫీ తాగుతూ అందులో రెండే చూస్తాను. ఏ పీరు నుంచైనా తిరస్కరణలు ఒక్కసారిగా పెరిగాయా? ఏ పీరుకైనా పంపవలసినవి కుప్ప పడ్డాయా? ఉన్నదే మళ్ళీ ఇవ్వబోతే వద్దన్నవి ఎన్నైనా ఫరవాలేదు, అది ఆరోగ్య లక్షణం. తీసుకున్నాక పారేసినవి పెరిగితేనే కారణం వెతకాలి. ఏదైనా మార్పు చేసినప్పుడు ఇన్‌చెక్ అనే ఆదేశంతో ఫైళ్ళన్నీ సరిచూసి, ఆ తరవాతే మళ్ళీ చదివించాలి. ఈ ఆదేశాలన్నీ న్యూస్ వాడుకరిగా నడపాలి. సర్వాధికారాలున్న రూట్ వాడుకరిగా నడిపితే ఫైళ్ళ యాజమాన్యం మారి సర్వర్ వాటిని రాయలేకపోతుంది.

వేసవి చివర ఈదురుగాలులతో మా వీధిలో కరెంటు చాలాసేపు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసిన ఒక సాయంత్రం హిస్టరీ ఫైలు దెబ్బతింది. మేక్‌హిస్టరీ ఆదేశం స్పూల్‌లోని టపాలన్నీ చదువుతూ హిస్టరీని, ఓవర్‌వ్యూను మళ్ళీ కట్టింది. ఇలా కట్టినప్పుడు తొలగిపోయిన టపాల ఐడీలు తిరిగి రావు గనుక కొన్ని మళ్ళీ వచ్చి చేరవచ్చు. ఆర్ట్‌కటాఫ్ ఉంది కాబట్టి ఆ ప్రభావం పది రోజుల లోపువాటికే పరిమితమైంది. ఇప్పుడు యూపీఎస్ బ్యాటరీ తగ్గగానే కంప్యూటరుకు కబురు వెళ్ళి, సర్వర్ మర్యాదగా ఆగిపోయే ఏర్పాటు ఉంది.

ఇక పాత టపాల సంగతి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో యూజ్‌నెట్ గుంపుల పాత నిల్వలు టపాలన్నీ వరసగా ఉండే ఎంబాక్స్ ఫైళ్ళుగా, గుంపుకొకటి చొప్పున ఉన్నాయి. తెలుగు గుంపుది తెచ్చి చూస్తే, 1990లలో విదేశాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్ళు పద్యాలు, పాటలు, వ్యాకరణ చర్చలు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ లిపిలో రాసుకున్న తీరు కళ్ళకు కట్టింది. తెలుగు లిపి తెర మీద లేని కాలంలో, చిన్నబడి టీతో త, పెద్దబడి టీతో ట రాస్తూ, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ పద్ధతిలో వాళ్ళు అంత తెలుగు ఎలా రాశారో చూస్తే గౌరవం కలుగుతుంది. వాటిని నా సర్వర్‌లోకి తెచ్చి, కొత్త టపాల పక్కనే చదువుకునేలా చేయాలన్నది నా కోరిక.

ఇందులో జాగ్రత్తలు చాలా ఉన్నాయి. మొదటిది, అవి పీర్లకు పోకూడదు; ముప్పై ఏళ్ళ నాటి టపాలు ఒక్కసారిగా ఇతరుల మీద పడడం మర్యాద కాదు. అందుకు ప్రతి పాత టపా పాత్‌లో నాకు మాత్రమే తెలిసిన ఒక గుర్తు చేర్చి, న్యూస్‌ఫీడ్స్‌లో ప్రతి పీరుకూ ఆ గుర్తును మినహాయింపుగా రాశాను. ఆ గుర్తు పాత్‌లో ఉన్నది ఎవరికీ వెళ్ళదు. రెండోది, ఎక్కించే వేళ మాత్రమే పీర్ల కనెక్షన్లు ఆపి, ఆర్ట్‌కటాఫ్‌ను సున్నా చేసి, పని కాగానే తిరిగి పెట్టాలి. మూడోది, తేదీ, పంపినవారు, మెసేజ్ ఐడీ, గుంపు, పాత్, విషయం అనే ఆరు శీర్షికలూ లేని టపాను ఐఎన్ఎన్ తీసుకోదు. నిల్వలో కొన్నిటికి ఏదో ఒకటి లేదు. ఉన్న ఆధారంతో పూరించగలిగినవి పూరించాను. మెసేజ్ ఐడీ లేనివాటికి కొత్తది కల్పించలేదు, కల్పిస్తే జవాబుల వరస అబద్ధమవుతుంది. వాటిని విడిగా ఉంచాను. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: ఎక్స్-నో-ఆర్కైవ్ అనే శీర్షికతో రాసినవారు తమ మాట నిలవ ఉండకూడదని స్పష్టంగా కోరారు. ఎంత విలువైన చర్చ అయినా వాటిని తీసుకోలేదు. చర్చల్లో అక్కడక్కడ ఖాళీలు కనిపిస్తాయి, అవి అలాగే ఉంటాయి.

ఏడాదికొక సంపుటం చొప్పున ఎక్కిస్తున్నాను, ఎందుకంటే మాస్టారు ప్రతి సంపుటంలోని పద్యాలను ఆర్‌టీఎస్ నుంచి తెలుగు లిపిలోకి మార్చి, పాదాలు సరిచూసి, మూల టపాకు జవాబుగా మా పద్యం గుంపులో పెడుతున్నారు. లిపి మార్చే ప్రోగ్రాం పెద్దబడి, చిన్నబడి తేడాలను యాంత్రికంగా మారుస్తుంది గాని, రాసినవారు తొందరలో లకు ళ వేసిన చోట మాటే మారిపోతుంది. అక్కడ ఆయన చూపే కావాలి. ప్రస్తుతం 1994 సంపుటం నడుస్తోంది. తార్నాకలో ఉండే ఒక ఇంజనీరింగు విద్యార్థి తన గదిలో రెండో సర్వర్ పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు. స్థిర ఐపీ రాగానే తెలుగు శాఖకు పూర్తి ఫీడ్ ఇస్తానని, పాత సంపుటాల ప్రతిని డిస్కులో నేరుగా తెచ్చి ఇస్తానని చెప్పాను. అతని ఇన్‌కమింగ్ కాన్ఫ్ వరస నా వైపు రాసి ఉంచాను, చిరునామా మాత్రం నింపాలి.